కండబలము: రైతు శరీరములో కండరములు పనిచేయు విధము

రైతు శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము



నేను సేద్యశాస్త్రము బోధించువాడను. ఎరువుల మోతాదును గురించియో, కలుపు నివారణను గురించియో చెప్పుదునని మీరు వచ్చియుందురు. నేడు ఆ విషయములు కాక, మీ పొలములో ప్రతి దినము పనిచేయుచు ఏ లెక్కల పుస్తకములోను కానరాని ఒక యంత్రమును గురించి చెప్పదలచినాను. అది మీ శరీరము. ట్రాక్టరు కొనబోవునపుడు దాని అశ్వశక్తి ఎంత అని అడుగుదుము. ఎద్దులను కొనబోవునపుడు పండ్లు చూచి, మూపు చూచి, నాలుగడుగులు నడిపించి చూతుము. మన నడుము సంగతి మాత్రము అది పట్టుకొన్ననాడు తప్ప తలచుకొనము.

నేనును తలచుకొన్నవాడను కాను. ఉద్యోగములో చేరిన రెండవ ఏట ఒక క్షేత్రములో వరి రకముల పోలిక ప్రయోగము నాటించుచుంటిమి. కుదురుకును కుదురుకును మధ్య ఎడము తప్పరాదని, కూలీలతో పాటు నేనును తెల్లవారినది మొదలు మూడు గంటల సేపు మడిలో వంగియే యుంటిని. అంతలో ఎరువుల బండి వచ్చి బస్తాలు గట్టు మీద దింపినది. బురదకాళ్ళతోనే గట్టెక్కి, ఒక బస్తాను పట్టుకొని, ప్రక్కకు తిరిగి ఎత్తబోతిని. నాట్లు వేయు ఒక పెద్దామె నన్ను చూచి, "బాబుగారూ, మీ నడుమింకా వంగినట్టే ఉంది. కాసేపు నిలబడి అప్పుడెత్తండి" అన్నది. నేను నవ్వి ఎత్తితిని. నడుములో ఏదో పుటుక్కుమన్నట్లయి అక్కడే కూలబడితిని. పదకొండు దినములు మంచము దిగలేదు. అన్నాళ్ళు పడుకొనుటయు తప్పేనట. ఓర్చుకొనగలిగినంత వరకు మెల్లగా నడచుచుండుటే మేలని ఇప్పటి వైద్యులు చెప్పుచున్నారు. ఆ పెద్దామె ఏ పుస్తకమును చదువలేదు. ఆమె చెప్పిన మాటలోని శాస్త్రము మాత్రము నాకు ఎంతో చదివిన తరువాత గాని తెలియలేదు. దానిని చెప్పుటకే ఈ ప్రసంగము. అయితే అది బోధపడవలెనన్న ముందు కండ అనగా ఏమో తెలియవలెను.

మన శరీరములో కండరములు మూడు తెగలు. గుండె కండరము ఒకటి. ఇది రోజుకు సుమారు లక్ష సార్లు ముడుచుకొని విచ్చుకొనును. ప్రేగులు, రక్తనాళములు మొదలైన వాటి గోడలలో నుండునది రెండవది. ఈ రెండును మన మాట వినవు, వాటి పని అవి చేసుకొనుచుండును. మూడవది ఎముకలను అంటిపెట్టుకొని, మన ఇష్టము ననుసరించి కదలు కండరము. నేను చెప్పబోవునది దీనిని గూర్చియే. ఇట్టి కండరములు శరీరములో 600కు పైగా ఉన్నవి. పురుషుని బరువులో నూటికి సుమారు 40 పాళ్ళు ఈ కండయే. స్త్రీలలో కొంత తక్కువ.

మేక మాంసము ఉడికిన తరువాత ముక్కను వేళ్ళతో చీల్చిన పోగులు పోగులుగా విడిపోవుట మీరెరుగుదురు. మాంసమనగా కండరమే. కొబ్బరి పీచును పురి పెట్టి, పురులను కలిపి మోకు పేనినట్లు, వెంట్రుక వలె సన్నని పోగులు కలిసి కట్టలుగాను, ఆ కట్టలు కలిసి కండరముగాను ఏర్పడినవి. కండరము కొసలలో తెల్లగా, గట్టిగా, నమిలినను నలగని భాగముండును. దీనినే స్నాయుబంధనమందురు. కండను ఎముకకు కట్టియుంచు పగ్గమిదియే. మడమ వెనుక చేయి పెట్టి చూడుడు, చేతికి తగులు గట్టి నరము వంటిది పిక్క కండరము యొక్క పగ్గము. ఎముకను ఎముకతో కట్టియుంచు పట్టీలు వేరే ఉన్నవి, వాటిని సంధిబంధనములందురు. ఈ రెండు పేర్లను గుర్తుంచుకొనుడు, నడుము సంగతి వచ్చునపుడు పనికి వచ్చును.

కండరమునకు తెలిసిన పని ఒక్కటే. అది లాగగలదు, నెట్టలేదు. పగ్గముతో ఎద్దు నాగలిని లాగగలదు గాని ఆ పగ్గముతోనే వెనుకకు నెట్టలేదు గదా! అందుచేత ప్రతి కీలు వద్ద కండరములు ఎదురెదురు జతలుగా ఉండవలసి వచ్చినది. మీ ఎడమచేతితో కుడి దండచేతిని పట్టుకొని మోచేతిని మడువుడు. ముందువైపు కండ ఉబ్బును. దీని పేరు ద్విశిర కండరము. ఇప్పుడు ఎదుటనున్న బల్లను అరచేతితో నెట్టి చూడుడు. వెనుకవైపున్న త్రిశిర కండరము బిగిసికొనును. బల్లను నెట్టినది చేయియే గాని, లోపల జరిగినది లాగుటయే. ఒకటి లాగునపుడు రెండవది సడలి దారి ఇయ్యవలెను. కాడికి కట్టిన రెండెడ్లు ఒకే దిక్కునకు లాగును. ఈ జంట మాత్రము ఎదురెదురుగా నిలచి వంతులు వేసికొని లాగును. కొడవలిని ఆడించునపుడు, పారతో మట్టి ఎత్తి పోయునపుడు ఈ వంతులు నిమిషమునకు ఎన్నో సార్లు మారుచుండును.

అయితే కండ ఎట్లు పొట్టియగును? దీనిని శాస్త్రజ్ఞులు చాల కాలము తెలిసికొనలేకపోయిరి. 1954లో రెండు బృందములు వేరువేరుగా శోధించి ఒకే జవాబునకు వచ్చినవి. ఒక బృందములో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్క్; రెండవ దానిలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. హక్స్‌లీలు ఇద్దరిదీ ఇంటిపేరు ఒకటే గాని అన్నదమ్ములు కారు. వారు కనుగొన్నదేమనగా, కండ పోగులో మిల్లీమీటరులో నాలుగువందవ వంతు పొడవున్న చిన్న గదులు వరుసగా ఉన్నవి. ఒక్కొక్క గదిలో లావు దారములు, సన్న దారములు ఒకదాని నడుమ ఒకటి చొచ్చుకొని ఉన్నవి. ఏ దారమును పొట్టి కాదు. ఒకదాని మీద ఒకటి జారి మరింత లోనికి పోవుటచే గది పొట్టియగును. లావు దారము మయోసిన్, సన్న దారము ఆక్టిన్, రెండును మాంసకృత్తులే.

ఈ జారుట ఎట్లనగా, బావిలో నుండి చేద తోడునట్లు. తాడును ఒక చేత పట్టి లాగుదుము, వదలి మరల ముందుకు పట్టుదుము, మరల లాగుదుము. మయోసిన్ దారము మీద ఇట్టి చిన్న చేతులు వరుసగా ఉన్నవి. ఒక్కొక్క చేయి ఒక్క లాగుతో జరుపునది మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు మాత్రమే. కోటానుకోట్ల చేతులు కలిసి లాగుటచే బస్తా లేచుచున్నది. ఇందులో వింత ఒకటి కలదు. పట్టు వదలుటకే ఆ చేతికి ఇంధనము కావలెను. కోసిన మేక కొన్ని గంటలకు కొయ్యవలె బిగుసుకొనుట చూచియుందురు. ప్రాణము పోయినది, ఇంధనము అయిపోయినది, పట్టిన చేతులు వదలలేక అట్లే నిలిచిపోయినవి. ఆ బిగువునకు కారణమిదియే.

ఆ ఇంధనము పేరు ఏ.టి.పి. దీని కథలో మన భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో ఫిస్కే అను ఆయనతో కలిసి రక్తములోని భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతితోనే కండను పరీక్షించుచు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను నిల్వ ఇంధనమును కనుగొనిరి. అదే ఏట ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును దానిని చూచిరి. 1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండలో ఏ.టి.పి.ని గుర్తించిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ గుర్తించెను. నేను మా విద్యార్థులకు చెప్పు మాట ఒకటున్నది. భూసార పరీక్షలో మీ మట్టిలోని భాస్వరమును తెలుపు నీలిరంగు, సుబ్బారావుగారు కండలోని భాస్వరమును కొలిచిన నీలిరంగు, రెండును మాలిబ్డినము వలన వచ్చు రంగులే. పైరునకు కావలసిన భాస్వరమే మన కండకును ఇంధనములో భాగమైయున్నది.

కండలో సిద్ధముగా నుండు ఏ.టి.పి. కొన్ని సెకండ్లకు మాత్రమే సరిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ దానిని మరి కొన్ని సెకండ్లు నిలబెట్టును. బస్తాను ఎత్తి భుజాన వేసికొనుట ఈ నిల్వతో జరుగు పని. తరువాత కండలో దాచిన పిండిపదార్థము, రక్తములో వచ్చు చక్కెర, కొవ్వు, ప్రాణవాయువు కలిసి ఇంధనమును తయారుచేయవలెను. నాగలి వెంట నడచుట, కలుపు తీయుట ఈ తెగకు చెందినవి. కండలలోను ఈ రెండు పనులకు రెండు విధముల పోగులున్నవి. నాటుకోడి కాలి కండ ఎర్రగాను, రొమ్ము కండ తెల్లగాను ఉండుట మీ ఇంటి ఆడవారిని అడిగిన చెప్పుదురు. కోడి దినమంతయు నడచును గనుక కాలిలో నిదానముగా చాలసేపు పనిచేయు ఎర్ర పోగులెక్కువ. ఎగురుట ఎప్పుడో కుక్క తరిమినపుడు, గోడ దూకునంత సేపే. కావున రొమ్ములో చటుక్కున పనిచేసి త్వరగా అలయు తెల్ల పోగులెక్కువ. మన కండలలో రెండును కలిసియుండును.

మనుష్యుడు దినమంతయు నిలిపి చేయగల పని సుమారు ఒక అశ్వశక్తిలో పదియవ వంతు మాత్రమే. తిన్న దానిలో పనిగా మారునది నూటికి 20, 25 పాళ్ళు. మిగిలినదంతయు వేడి. అందుచేతనే చలికాలమున పలుగు పట్టగానే చలి పోవును. ఎండాకాలమున ఆ వేడియే శత్రువు. చెమటతో నీరును ఉప్పును పోవును గనుక దాహము వేయువరకు ఆగక ఉప్పు వేసిన మజ్జిగో, నీరో తరచుగా త్రాగవలెను. ఎండలో పనిచేయువాడు తడబడుచు అసందర్భముగా మాటలాడిన, అది అలసట అనుకొనరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక కండకు ఆజ్ఞ ఇచ్చునదెవరు? నరము. 1780 ప్రాంతములలో ఇటలీలో గాల్వానీ అను వైద్యుడు చచ్చిన కప్ప కాలి నరమునకు విద్యుత్తు తగిలినపుడు కాలు ఎగురుట చూచెను. నరములో పోవునది ఒక విధమైన విద్యుత్ సంకేతము. అయితే నరము కొస కండను నేరుగా తాకదు, నడుమ అతి సన్నని సందు ఉన్నది. సంకేతము వచ్చినపుడు నరము కొస నుండి ఎసిటైల్‌కొలీన్ అను రసము విడుదలై, సందు దాటి, కండ మీది తలుపులను తెరచును. కండ ముడుచుకొనును. వెంటనే అక్కడ నుండు ఒక ఎంజైము ఆ రసమును విరుగగొట్టి తలుపులు మూయించును. తూము ఎత్తి నీరు విడిచి మరల దించినట్లు ఇది క్షణములో జరుగును.

ఈ సందును గురించి నేను ఇంత చెప్పుటకు కారణమున్నది. మనము పైరు మీద చల్లు ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు పురుగును చంపునది ఆ ఎంజైమును చెడగొట్టియే. పురుగులోను, మనలోను ఆ ఎంజైము ఒకే పని చేయును. మందు చర్మము గుండ, ఊపిరి గుండ, నోటి గుండ లోనికి పోయిన, తూము ఎత్తినది ఎత్తినట్లే ఉండిపోవును. చొంగ, కన్నీరు, చెమట, వాంతులు, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, చర్మము క్రింద కండలు పురుగులు ప్రాకినట్లు అదరుట, ఇవి గుర్తులు. అదిరి అదిరి చివరకు కండలు చచ్చుపడును. చేయి చచ్చుపడిన బ్రదుకవచ్చును. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె నుండి ఊపిరి పీల్పించు ఉదరవితానము అను కండ చచ్చుపడిన బ్రదుకు కష్టము.

మందు కొట్టుచు ఎవరైన ఇట్లయిన, పొలము నుండి గాలి వచ్చు చోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో ఒళ్ళు కడిగి, 108కి కబురు చేయవలెను. కడుగువారు చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను, లేనిచో ఆ మందు వారికిని అంటును. వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు. మందు డబ్బాను తప్పక వెంట తీసికొనిపోవలెను. డబ్బా మీది పేరును చూచిన వైద్యుడు చికిత్సలో కాలము వృథా చేయడు. మరియొక సంగతి మీలో చాలమందికి తెలియదు. సూదిమందులు పడగానే రోగి తేరుకొని, లేచి కూర్చుండి మాటలాడవచ్చును. ఇల్లు చేరుదమని బంధువులు తొందరపెట్టుదురు. అయితే ఒకటి రెండు దినములు మొదలు నాలుగు దినముల లోపల మెడకండలు, ఊపిరి కండలు మరల బలహీనపడుట కలదు. తల దిండు మీద నుండి ఎత్తలేకపోవుట దాని తొలి గుర్తు. కావున వైద్యుడు పొమ్మనువరకు ఆసుపత్రి విడువరాదు.

తాచుపాము, కట్లపాము విషము పనిచేయునదియు ఆ సందులోనే. రెప్పలు వాలుట, మాట ముద్దగా వచ్చుట, మ్రింగలేకపోవుట చూచిన ఆలస్యము పనికిరాదు. కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకొన్నవారిని కరచును. నొప్పి, వాపు లేకపోవచ్చును గనుక కరచిన సంగతియే తెలియకపోవుట కలదు. కరచిన చోట కోయరాదు, గట్టిగా తాడు బిగించరాదు. ఇక్కడ కండరముల పాఠము పనికివచ్చును. విషము శరీరములోనికి ప్రాకుటలో కండల కదలికయే దానికి సాయము. నడచినకొలది, పరుగెత్తినకొలది కండలు దానిని పైకి తోయుచుండును. కరచిన కాలికి కర్ర కట్టి కదలకుండ చేసి, మనిషిని మోసికొని పాము విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి పోవలెను. మంత్రగాని ఇంటికి నడిపించుకొని పోవుట రెండు విధముల చేటు.

ఇక నడుము దగ్గరకు వచ్చెదము.

గడ్డపారతో బండను ఎత్తునపుడు, పార క్రింద చిన్న రాయి పెట్టి, బండ వైపు కొస పొట్టిగాను, మన చేతి వైపు కొస పొడుగుగాను ఉంచుదుము. తక్కువ బలముతో ఎక్కువ బరువు లేచును. మన శరీరములో ఎముకలే గడ్డపారలు, కీళ్ళే ఆనిక రాళ్ళు. అయితే ఇక్కడ ఏర్పాటు తారుమారు. కండ కట్టియున్న కొస పొట్టిది, బరువున్న కొస పొడుగు. ద్విశిర కండరము మోచేతి కీలునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరమున ముంజేతి ఎముకకు కట్టియున్నది. చేతిలోని చేద 35 సెంటీమీటర్ల దూరమున నున్నది. మోచేతిని మడచి 10 కిలోల చేదను పట్టుకొనవలెనన్న ఆ కండ 70 కిలోల బలముతో లాగవలెను. ఇంత నష్టపు బేరమేల అని మీరడుగవచ్చును. దీనికి ప్రతిఫలము వేగము. కండ ఒక సెంటీమీటరు పొట్టియైన, చేయి ఏడు సెంటీమీటర్లు కదలును. కొడవలి విసురు, విత్తనము చల్లు చేతి విసురు ఈ బేరము వలన వచ్చినవే.

వెన్ను దగ్గర ఈ లెక్కయే ప్రాణము తీయును. వెన్నుపూసల నడుమ మెత్తని దిళ్ళవంటి డిస్కులున్నవి. వంగి ఎత్తునపుడు ఆనిక రాయి ఆ డిస్కులే. వెన్నును నిలుపు కండలు దానికి వెనుకగా 5, 6 సెంటీమీటర్ల దూరముననే ఉన్నవి. 45 కిలోల యూరియా బస్తాను ఒంటికి దూరముగా, అనగా దాని నడిమి భాగము నడుము డిస్కునకు 60 సెంటీమీటర్ల ముందుండునట్లు పట్టితిమనుకొనుడు. 45ను 60 పెట్టి గుణించి 6తో భాగింపుడు. 450 కిలోలు! ఇది బస్తా కొరకు మాత్రమే. వంగిన మన మొండెము బరువు వేరు. అదే బస్తాను కడుపునకు ఆనించి 30 సెంటీమీటర్ల దూరమునకు తెచ్చిన 225 కిలోలు చాలును. బస్తా అదే, మనిషి అతడే. దగ్గరగా పట్టుట వలన సగము భారము తగ్గినది. నాట్లవారు నారు కట్టల గంపను, కోతలవారు పనను తలమీద మోయుటలో తెలివి ఇదియే. తలమీది బరువు వెన్నుకు సూటిగా పైన నుండును గనుక, కండలు దానిని తూలకుండ చూచుకొన్న చాలును. కావడియు అట్టిదే.

ఇప్పుడు ఆ పెద్దామె మాట. మనము కొద్దిగా వంగినపుడు వెన్ను కండలు బిగిసి మొండెమును ఆపుచుండును. అయితే పూర్తిగా వంగి వ్రేలాడినపుడు ఆ కండలు పని మానుకొనును. 1955లో ఫ్లాయిడ్, సిల్వర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కండలోని విద్యుత్తును కొలిచి ఈ సంగతిని వివరముగా ప్రకటించిరి. కండ నిద్రపోయినపుడు భారము దేనిమీద పడును? నేను ముందు చెప్పిన సంధిబంధనములు, డిస్కులు దానిని మోయును. నాట్లలో, కలుపు తీతలో గంటల తరబడి వంగి పనిచేయగలుగుటకు కారణమిదియే, కండ అలయదు. అయితే క్రొత్త మోకునకు బరువు కట్టి వ్రేలాడదీసిన అది మెల్లమెల్లగా సాగునట్లు, ఆ బంధనములును సాగును. లేచి నిలబడినంతనే అవి యథాస్థితికి రావు, చాల సేపు పట్టును. కండలును వెంటనే పూర్తి జాగ్రతలోనికి రావు. సాగిన పట్టీలు, మేలుకొనని కండలు. అట్టి సమయమున బస్తాను, అందులోను నడుమును మెలిపెట్టి ఎత్తితినేని జరుగునది నాకు జరిగినదే.

కావున వంగిన పని తరువాత బరువు పని వెంటనే పెట్టుకొనరాదు. మడి దిగి వచ్చి కొంతసేపు నిలబడి, చేతులు నడుముపై ఆనించి నాలుగైదు మార్లు వెనుకకు వాలి, గట్టు మీద అటునిటు నడచి, అప్పుడు ఎత్తవలెను. వంగి చేయు పనిలోను అరగంటకొకసారి నిటారుగా నిలబడుట మంచిది. మేస్త్రీలు దీనిని సోమరితనమనుకొనరాదు. నిలబడి నెట్టు కలుపు యంత్రములు, పొడుగు కర్ర దంతులు వాడదగిన చోట వాడుట నడుమునకు మేలు చేయును. గడుసు రైతు పనిముట్టు కొనునపుడు ఇనుమునే గాక కర్ర పొడవును కూడ చూచును.

రాత్రి పడుకొన్నపుడు డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బును, ఉదయము మనము సాయంత్రము కంటె ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుందుము. ఉబ్బిన డిస్కు వంగునపుడు ఎక్కువ ఒత్తిడికి లోనగును. తెల్లవారుజామున మంచము దిగి నేరుగా కూరగాయల గంపలను నేలమీద నుండి బండికెత్తు తోట రైతులు దీనిని గమనించవలెను. ముందు రాత్రియే గంపలను అరుగు మీద పెట్టుకొన్న పొద్దున వంగు పని తప్పును.

పంట కాలము మొదట రెండు మూడు దినములు ఒళ్ళు నొప్పులు వచ్చుట అందరు ఎరిగినదే. కండలో పులుపు చేరుట వలన అని ఒకప్పుడు చెప్పుచుండిరి. ఆ పులుపు పని మానిన గంట రెండు గంటలలో పోవును. నొప్పి మాత్రము మరునాడో, మూడవనాడో ముదురును. కండ సాగుచు బరువును ఆపవలసిన పనులలో, అనగా బస్తాను మెల్లగా దించుట, మిట్ట దిగుట వంటి వాటిలో, పోగులలో సూక్ష్మమైన చీలికలు పడుటయే కారణము. అవి మానునపుడు కండ మరింత గట్టిపడును. అందుచేత మొదటి దినమే పూర్తి పని పెట్టుకొనక, మూడు నాలుగు దినములలో పెంచుకొనుచు పోవుట మంచిది. క్రొత్త ఎద్దును కాడికి అలవాటు చేయునపుడు మనము చూపు ఓర్పు మనకును చూపుకొనవలెను. కాలిలోనికి తిమ్మిరి దిగుట, పాదము ఎత్తలేకపోవుట, మల మూత్రములు పట్టు తప్పుట ఉన్నయెడల అది కండ నొప్పి కాదు, నరము నొక్కుకొన్న గుర్తు. రుద్దించుకొనుచు ఇంట కూర్చొనక ఆ దినమే వైద్యుని చూడవలెను.

మానిపోవు కండకు మాంసకృత్తులు కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చేసిన లెక్క ప్రకారము పెద్దవారికి కిలో బరువునకు రోజుకు 0.83 గ్రాములు ఉండవలెను, అనగా 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములుండును. మెట్టలో కంది పండించి మొత్తము అమ్ముకొని, నీళ్ళచారుతో తినుట ఏమి సేద్యమో నాకు బోధపడదు. ఇంటిలో ఆడవారు చివర తినుదురు గనుక పప్పు వారివరకు వచ్చుచున్నదో లేదో కూడ చూడవలెను. నాట్లలో వంగునది ఎక్కువగా వారే గదా.

మాటలు చాలును. ఆ అరుగు ప్రక్కన నేలమీద ఒక యూరియా బస్తాను పెట్టించినాను. మొదట నేను ఎత్తి చూపెదను. పాదములు రెండును బస్తాకు ఇరుప్రక్కల. మోకాళ్ళు వంచి, నడుము నిలిపి, బస్తాను మొదట తొడలమీదకు, అక్కడ నుండి కడుపునకు ఆనించి లేచుట. తిరుగవలసి వచ్చిన నడుమును మెలిపెట్టక పాదములతోనే తిరుగుట. తరువాత మీరు ఒక్కొక్కరుగా రండి. ఉదయము నుండి ఇంతసేపు వంగి కూర్చొని వింటిరి. ముందుగా అందరును లేచి, రెండు నిమిషములు నిలబడి, నడుము వెనుకకు వాల్చుడు.